బొంగరం లేని గడియారం

కాలువ మీద పడవలను దాటించే తలుపుల కట్టడం ఒకటి ఉంది, దూళ్ళపాలెం లాకు అంటారు. దాని దగ్గర మాణిక్యాచారి అనే గడియారాల పనివాడు ఉండేవాడు. చేతిలో పనితనం ఎంత ఉన్నా, ఏ పనినైనా ఉరుకుల పరుగుల మీద మొదలుపెట్టి సగంలో వదిలేయడం అతని జబ్బు.

ఆ జబ్బుకు సాక్ష్యాలు ఇంటినిండా ఉండేవి. పెరట్లో గోడలు లేచి కప్పు పడని కోళ్ళగూడు ఉండేది. దానిలో కోళ్ళు వానకు తడిసేవి. మూల గదిలో హార్మోనియం ఉండేది. అతనికి పాతిక పాటల పల్లవులు వచ్చు, ఒక్క చరణమూ రాదు. అటక మీద ఒక టేకు ఉయ్యాల ఉండేది. కూతురు పుట్టిన వారంలో మొదలుపెట్టాడు. చుట్టూ చిలకలు చెక్కాడు, అడుగు చెక్క మాత్రం వేయలేదు. ఆ కూతురికి పెళ్ళై, ఇప్పుడు ఆమే నెలలు నిండి ఉంది.

"ఏవండీ, మనవడికైనా ఈ ఉయ్యాల అందుతుందా?" అని భార్య వరహాలమ్మ అడిగేది.

"రేపే మొదలుపెడతాను చూడు" అనేవాడు మాణిక్యాచారి.

"మొదలుపెట్టడానికేం, మీ తరవాతే ఎవరైనా" అనేది ఆవిడ.

ఇది కాలువల మీద ఆవిరి పడవలు తిరిగిన రోజుల మాట. ఒక పాత పడవను విప్పేసినప్పుడు అందులోని గడియారాన్ని తెచ్చి లాకు గది గోడకు తగిలించారు. పడవ ఊగుతుంది కాబట్టి దానికి లోలకం లేదు. ఇత్తడి డబ్బాలో చుట్టలుగా కూర్చున్న ఒక స్ప్రింగు యంత్రం మొత్తాన్నీ లాగేది. ఆ డబ్బా పక్కన, అచ్చం బొంగరంలా, ఒక కొస సన్నగా ఒక కొస లావుగా ఉన్న ఇత్తడి ముక్క ఉండేది. దాని చుట్టూ మెలికలు తిరిగిన గాడి, గాడిలో సన్నటి ఉక్కు గొలుసు. డబ్బా గొలుసును లాగితే బొంగరం తిరిగేది. బొంగరం తిరిగితే గడియారం నడిచేది. ఆ బొంగరం ఎందుకుందో లాకు దగ్గర ఎవరికీ తెలియదు. మాణిక్యాచారికి మాత్రం తెలుసు. తెలిసినవాడు చేసిన తప్పు కనకే కథ ఇంత దూరం వచ్చింది.

రెండేళ్ళ కిందట ఆ గొలుసు తెగింది. లాకు లస్కరు కోటిలింగం గడియారాన్ని గుడ్డలో చుట్టి తెచ్చాడు. కాలువ తూములు తీయడం, మూయడం లస్కరు పని. ముక్కుసూటి మనిషి, మాటలు తక్కువ.

"పది రోజుల్లో కొత్త పెళ్ళికొడుకులా చేసి ఇస్తాను, చూసుకో" అన్నాడు మాణిక్యాచారి.

మొదటి రోజు యంత్రమంతా విప్పి కడిగాడు. రెండో రోజు ఇత్తడి తళతళలాడేలా తోమాడు. దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ చూపించాడు. మూడో రోజు గొలుసు దగ్గరికి వచ్చాడు. పాత గొలుసు తుప్పు పట్టి పొడిపొడి అయిపోయింది. కొత్తది చేయాలంటే నూట ముప్పై లంకెలు కావాలి. ఒక్కో లంకెకూ బియ్యపు గింజంత ఉక్కు రేకులు మూడు కోయాలి, వాటికి బెజ్జాలు పెట్టాలి, మేకులు దిగ్గొట్టాలి. నాలుగు లంకెలు చేశాడు. అయిదోది చేతిలో ఉండగానే ఆవలింత వచ్చింది.

చివరికి బొంగరాన్ని ఊడదీసి, ఒక రేకు పెట్టెలో పడేశాడు. స్ప్రింగు డబ్బాను నేరుగా చక్రానికే తగిలించాడు. గడియారం టిక్కుటిక్కుమంది. ఒక సోమవారం మధ్యాహ్నం సమయం పెట్టి, తరవాతి సోమవారం మధ్యాహ్నం చూశాడు. ముందుకు పోతే కాస్త తగ్గించాడు, వెనకబడితే కాస్త పెంచాడు. చివరికి వారం తిరిగేసరికి సరిగ్గా పన్నెండు చూపించింది.

"వారానికి నిమిషం తేడా లేదు. ఇంకేం కావాలి?" అనుకున్నాడు. మధ్యలో ఆరు రోజులు అది ఏం చేస్తోందో చూసే ఓపిక అతనికి లేదు. ఆ రెండేళ్ళూ కాలువ నిండా నీళ్ళు ఉన్నాయి. గడియారంతో ఎవరికీ పెద్దగా పని పడలేదు. తప్పు గోడ మీద అలాగే టిక్కుటిక్కుమంటూ కూర్చుంది.

మూడో ఏడు రెండో పంటకు, అంటే దాళ్వాకు, నీళ్ళు చాలలేదు. కాలువ కింద రెండు ఊళ్ళు ఉన్నాయి. ఎగువన తాడిమెట్ట, దిగువన గోరింటపర్రు. నీళ్ళను వంతులు వేశారు. సోమవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి గురువారం పన్నెండు దాకా తాడిమెట్ట తూము తీయాలి. గురువారం పన్నెండు నుంచి ఆదివారం పన్నెండు దాకా గోరింటపర్రు తూము తీయాలి. ఆ తరవాత ఒక రోజు రెండూ మూసి కాలువలో నీళ్ళు నిలవబెట్టాలి. లాకు అరుగు మీద ఒక ఇనప గుంజ, దాని పక్కన రాతిలో ఒక గీత ఉన్నాయి. గుంజ నీడ గీత మీద పడితే మిట్టమధ్యాహ్నం. ప్రతి సోమవారం కోటిలింగం ఆ నీడ చూసి గడియారానికి కీ ఇచ్చేవాడు. మిగతా రోజుల్లో నీడను పట్టించుకునేవారు లేరు. గోడ మీద అంత గడియారం ఉండగా నీడ ఎవరిక్కావాలి?

తాడిమెట్టలో రాఘవమ్మ అనే రైతు ఉండేది. భర్త పోయాక మూడెకరాలూ తనే చేసుకునేది. ఆ చేను, పొలాలకు నీళ్ళు తెచ్చే పంటబోదెకు చిట్టచివర ఉంది. పై చేలన్నీ తడిశాక, గురువారం పొద్దున గానీ నీళ్ళు ఆమె గట్టు ఎక్కేవి కావు. ఆ చివరి రెండు గంటల నీళ్ళే ఆమె పంట. అలాంటిది, నీళ్ళు మడిలోకి అడుగుపెట్టీ పెట్టకముందే బోదె ఎండిపోతోంది. మూడు వారాలు అలాగే జరిగింది. చేను నెర్రెలు విచ్చింది.

నాలుగో గురువారం రాఘవమ్మ కొంగు నడుముకు దోపి లాకు దగ్గరికి వచ్చింది. వెనక సగం ఊరు వచ్చింది.

"ఏంటయ్యా లింగం, పొద్దింకా నడినెత్తికి రానేలేదు. అప్పుడే మా తూము తలుపు దించేశావేంటి?" అని నిలదీసింది.

"గడియారం చూసే దించానమ్మా. పన్నెండు కొట్టింది" అన్నాడు కోటిలింగం.

"గడియారం అద్దానికి తాళం ఎవరి దగ్గరుంది? నీ దగ్గరేగా! ముల్లు తిప్పింది ఎవరు? నీ కూతుర్ని గోరింటపర్రు ఇచ్చావు. అల్లుడి చేనుకు నీళ్ళు పంపడానికి నా పంట ఎండబెడతావా?"

కోటిలింగం ముఖం మాడిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఆ తూముల తాళాలు అతని మొలతాడుకే ఉన్నాయి. ఒక్కనాడు ఒక్కరు ఒక్క మాట అనలేదు. ఇప్పుడు అందరి ముందూ, జనంతో వచ్చిన ఊరి మునసబు చెయ్యి చాచాడు. "విచారణ అయ్యేదాకా తాళాలు నా దగ్గర ఉంటాయి" అన్నాడు. కోటిలింగం తాళాలు విప్పి ఇచ్చి గదిలోకి వెళ్ళిపోయాడు. మరుసటి వారం గడిచాక సోమవారం కాలువ పనులు చూసే ఓవర్సీరు వస్తాడని, తప్పు రుజువైతే లస్కరు పని ఊడుతుందని కబురు వచ్చింది.

కోటిలింగం వాదించలేదు గానీ ఊరుకోనూ లేదు. వెంటనే వచ్చిన సోమవారం కీ ఇచ్చినప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం గుంజ పక్కన కూర్చున్నాడు. నీడ గీత మీద పడగానే గదిలోకి పరిగెత్తి, గడియారం ఎంత చూపిస్తోందో బొగ్గుతో గోడ మీద రాసుకున్నాడు. వారం తిరిగాక, ఓవర్సీరు వచ్చే రోజు పొద్దున్నే మాణిక్యాచారి దుకాణానికి వచ్చాడు.

"ఆచారిగారూ, నాకు చదువు తక్కువండి. మీరే చెప్పాలి. మంగళవారం మిట్టమధ్యాహ్నం గడియారం పన్నెండూ నలభై అందండి. బుధవారం ఒకటీ పది. గురువారం ఒకటిన్నర. ఆ తరవాత మెల్లగా వెనక్కి జారిందండి. నిన్న ఆదివారం పన్నెండున్నర. ఈ మధ్యాహ్నానికి ఎప్పట్లాగే పన్నెండు దగ్గరికి వచ్చేస్తుందనుకుంటా. ఇదేం చోద్యమండీ?"

మాణిక్యాచారికి విషయం అర్థమైపోయింది. చోద్యం ఏమీ లేదు. కీ ఇచ్చిన కొత్తలో స్ప్రింగుకు బలం ఎక్కువ, గడియారాన్ని తరుముతుంది. రోజులు గడిచేకొద్దీ బలం తగ్గి, ఈడుస్తుంది. గురువారం గడియారం గంటన్నర ముందే పన్నెండు కొట్టింది. తాడిమెట్ట వంతులో ఆ గంటన్నర పోయింది. ఆ గంటన్నరే రాఘవమ్మ చేను.

"చూస్తాలే, నువ్వెళ్ళు" అన్నాడు. కోటిలింగం నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. మాణిక్యాచారి ఆ నమస్కారాన్ని తట్టుకోలేకపోయాడు. బల్ల కింది రేకు పెట్టె తీసి, దుమ్ము పట్టిన బొంగరాన్ని చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. రహస్యంగా బాగుచేసి తగిలించేస్తే సరిపోతుంది. గొడవ దానంతట అదే చల్లారుతుంది. కానీ అప్పటికి కోటిలింగం దొంగగా ఊరు దాటిపోయి ఉంటాడు.

వరహాలమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. బొంగరం వైపు, భర్త వైపు చూసింది.

"ఆయన మీద పడ్డ నింద నిజానికి మీదేనండీ. వెళ్ళి తీసుకోండి" అంది.

మాణిక్యాచారి బొంగరాన్ని జేబులో వేసుకుని లాకు దగ్గరికి నడిచాడు. అప్పటికే ఓవర్సీరు కుర్చీలో కూర్చున్నాడు. రెండు ఊళ్ళవాళ్ళూ చేరారు. కోటిలింగం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, లస్కరు తప్పు లేదు" అన్నాడు మాణిక్యాచారి. "ముల్లు తిప్పింది నేను. చేత్తో కాదు, బద్ధకంతో."

అంతా చెప్పాడు. గొలుసు దగ్గర ఓపిక చచ్చిపోయిన సంగతీ, బొంగరం పీకేసిన సంగతీ ఏదీ దాచలేదు. జనం గుసగుసలాడారు. ఓవర్సీరు మాత్రం నొసలు చిట్లించాడు.

"ఇంత ఇత్తడి ముక్క లేకపోతే గంటన్నర తేడా వస్తుందా? లస్కరును కాపాడటానికి కథ అల్లుతున్నావేమో!"

మాణిక్యాచారి చుట్టూ చూశాడు. పక్కనే లాకు తలుపు ఉంది. దాన్ని తెరవడానికి పొడవాటి దూలం ఉంది. పడవల మీదికి రెండేసి బస్తాలు ఒకేసారి మోసే నూకరాజు అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఒరే నూకరాజూ, ఆ దూలాన్ని తలుపు మొదట్లో, కీలు పక్కన పట్టుకుని తొయ్యి" అన్నాడు.

నూకరాజు కండలు బిగించాడు. మెడ నరాలు ఉబ్బాయి. తలుపు మూలిగి మూలిగి మెల్లగా కదిలింది.

"రాఘవమ్మగారూ, మీరు దూలం చివర పట్టుకుని తొయ్యండి."

రాఘవమ్మ అనుమానంగానే ఒక్క చేత్తో తోసింది. తలుపు అంతే మెల్లగా, అంతే తిన్నగా కదిలింది. జనం గొల్లున నవ్వారు. నూకరాజు తన చేతుల వంక చూసుకున్నాడు.

"బొంగరం చేసేది ఇదే" అన్నాడు మాణిక్యాచారి. "కీ ఇచ్చిన కొత్తలో స్ప్రింగు మన నూకరాజు. అప్పుడు గొలుసు బొంగరం సన్నటి కొసను పట్టి లాగుతుంది, కీలు పక్కన తోసినట్టు. ఎంత గింజుకున్నా కొంచెమే కదులుతుంది. వారం చివర స్ప్రింగు నీరసపడుతుంది. అప్పటికి గొలుసు లావు కొస మీదికి దిగుతుంది, దూలం చివర తోసినట్టు. కొంచెం బలమే పెద్ద పని చేస్తుంది. బలం ఎంత మారినా గడియారానికి అందే తోపు ఒకటే. ఆ బొంగరాన్ని నేను పీకేశాను."

ఓవర్సీరు తల ఊపాడు. "బాగానే చెప్పావు. కానీ దూలం చూసి తీర్పు ఇవ్వలేను. బొంగరం వేసి గడియారాన్ని నడిపించు. రెండు వారాల్లో వస్తాను. ఆ రోజు కీ ఇచ్చి, వారం పాటు నీడతో పోల్చి చూస్తాం. ఏ రోజైనా అయిదు నిమిషాలు తేడా వస్తే, నీ బొంగరం కథ అబద్ధం, తప్పు లస్కరుదే. అందాకా తూములు నీడ చూసి తియ్యండి" అన్నాడు.

కోటిలింగం మాణిక్యాచారి దగ్గరికి వచ్చాడు. కోప్పడతాడనుకున్నాడు ఆచారి. కోటిలింగం ఒక్క మాటే అడిగాడు.

"పూర్తి చేస్తారాండీ?"

తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది మాణిక్యాచారికి.

మంగళవారం తెల్లారగానే పని మొదలైంది. ఆహా, ఆ జోరు చూడాలి! అన్నానికి లేవలేదు, మంచినీళ్ళు తాగలేదు. పొద్దుగూకేసరికి ముప్పై లంకెలు చేసేశాడు. "ఇంకో నాలుగు రోజులు, అంతే" అని వీధిలో అందరికీ చెప్పాడు. బుధవారం కళ్ళు మండాయి, వేళ్ళు వాచాయి. పన్నెండు చేశాడు. గురువారం నాలుగు చేసి, సుత్తి కింద పెట్టి, వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. ఎదురింటి గోడ మీద ఎన్ని ఇటుకలు ఉన్నాయో ఆ రోజే అతనికి తెలిసింది.

ఆ సాయంత్రం రాఘవమ్మ వచ్చింది. మోకాళ్ళ దాకా బురద. ముఖం వెలిగిపోతోంది.

"ఆచారీ, నీళ్ళొచ్చాయయ్యా! ఇవాళ నీడ చూసి మూశారు. నా మూడెకరాలూ తడిశాయి. నువ్వు చెప్పింది నిజం" అంది. వెంటనే గొంతు తగ్గించింది. "లింగాన్ని నలుగురిలో దొంగ అన్నాను. తప్పు నాదే అని నేను ఎంత అరిచినా ఓవర్సీరు వినడు. ఆయనకు గడియారం కావాలి. నా మాట వెనక్కి తీసుకోవాలంటే నీ గొలుసు పూర్తవ్వాలి. ఎంత అయింది?"

"నలభై ఆరు లంకెలు" అని గర్వంగా గొలుసు ఎత్తి, రెండు కొసలూ పట్టుకుని లాగి చూపించాడు. గొలుసు టప్పున తెగింది. ఇంకోచోట లాగితే అక్కడా తెగింది. మొదటి రోజు పరుగులో కొట్టిన మేకులు సరిగ్గా దిగలేదు. పదహారు లంకెలు పనికిరాకుండా పోయాయి. చేతిలో ముప్పై మిగిలాయి.

రాఘవమ్మ తెగిన ముక్కలు ఏరి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మాణిక్యాచారి తల పట్టుకున్నాడు.

"నా వల్ల కాదు వరహాలూ" అన్నాడు.

వరహాలమ్మ పక్కన కూర్చుంది. "గడియారానికి బొంగరం కావాలని ఊరందరితో దూలం తోయించి మరీ చెప్పారు. మీకు అక్కర్లేదా? మీరూ ఆ స్ప్రింగేగా!"

మాణిక్యాచారి తల ఎత్తాడు. తుడిచి బల్ల మీద పెట్టిన బొంగరం మెరుస్తోంది. దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తనకూ పొద్దున బలం ఎక్కువ, మధ్యాహ్నానికి తక్కువ. మొదటి రోజు ఎక్కువ, మూడో రోజు తక్కువ. బలం ఉన్నప్పుడు పగ్గం వేయాలి, లేనప్పుడు బరువు తగ్గించాలి. ఇన్నేళ్ళుగా చేతుల్లో తిప్పిన వస్తువు తనకే పాఠం చెబుతోందని అతనికి అప్పుడు తట్టింది. సిగ్గూ వేసింది, నవ్వూ వచ్చింది.

ఇంకా వంద లంకెలు కావాలి. ఆదివారం సాయంత్రం దాకా పది రోజులు ఉన్నాయి. రోజుకు పది, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. వరహాలమ్మ పళ్ళెంలో పది చింతగింజలు పెట్టింది. ఒక లంకె పూర్తయి, లాగి చూసి, తెగకపోతేనే ఒక గింజ తీయాలి. పొద్దున బలంగా ఉన్నప్పుడు రేకులు కోసి బెజ్జాలు పెట్టే కష్టమైన పని చేయాలి. మధ్యాహ్నం నీరసం వచ్చాక మేకులు దిగ్గొట్టే తేలిక పని చేయాలి.

శుక్రవారం పది లంకెలూ మూడు గంటలకే అయిపోయాయి. మాణిక్యాచారికి ఊపు వచ్చింది.

"ఇంకో అయిదు చేసేస్తానే!"

"పళ్ళెంలో గింజలు లేవు" అని వరహాలమ్మ సుత్తి లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. అతను గింజుకున్నాడు, బతిమాలాడు. ఆవిడ సుత్తి ఇవ్వలేదు. చేసేది లేక వీధి అరుగు మీద కూర్చుని కాళ్ళూపాడు.

ఆరో రోజున అసలు కష్టం వచ్చింది. ఏడు గింజలు తీశాక చెయ్యి ఆడలేదు. వెనకటి ఆచారి అయితే సుత్తి పడేసి హార్మోనియం ముందు కూర్చునేవాడే. ఈసారి లేవలేదు. పొద్దున కోసి బెజ్జాలు పెట్టి ఉంచిన రేకులు వరసగా ఉన్నాయి. మేకు దిగ్గొట్టడం ఒక్కటే మిగిలింది. ఒకటి కొట్టాడు. ఊపిరి పీల్చుకుని ఇంకొకటి కొట్టాడు. దీపాల వేళకు పదో గింజ పళ్ళెంలోంచి పోయింది. ఆ రోజు అతను తిన్న అన్నం రుచి వేరు.

పదో రోజు ఆదివారం సాయంత్రం నూట ముప్పయ్యో లంకె గొలుసుకు చేరింది. ఇద్దరూ చెరో కొస పట్టుకుని లాగారు. తెగలేదు. ఇంకా గట్టిగా లాగారు. తెగలేదు. వరహాలమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ ఇంట్లో ఒక పని పూర్తవడం ఆవిడ చూడటం అదే మొదలు.

సోమవారం మిట్టమధ్యాహ్నం, నీడ గీత మీద పడగానే, బొంగరమూ గొలుసూ బిగించి గోడకు తగిలించిన గడియారానికి ఓవర్సీరు కళ్ళ ముందు కోటిలింగం కీ ఇచ్చాడు. గొలుసు బొంగరం గాడిలోకి ఒద్దికగా ఎక్కింది. ఓవర్సీరు అద్దానికి తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకుని వెళ్ళాడు.

మంగళవారం నీడ గీత మీద పడింది. గడియారం పన్నెండు చూపించింది. జనం చప్పట్లు కొట్టారు.

"ఇంకేం ఆచారీ, నెగ్గేశావు!" అంది రాఘవమ్మ.

"ఇంకా ఆరు రోజులు ఉన్నాయమ్మా" అన్నాడు మాణిక్యాచారి. ఆ మాట అతని నోట విని వరహాలమ్మ తన చెవులను తనే నమ్మలేదు.

బుధవారం పన్నెండు. గురువారం పన్నెండు దాటి ఒక నిమిషం. తాడిమెట్టవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. శుక్రవారం, శనివారం, ఆదివారం కూడా రెండు నిమిషాలు దాటలేదు. ఇక సోమవారం మిగిలింది. స్ప్రింగు బలం పూర్తిగా దిగిపోయే రోజు అదే.

ఆ సోమవారం పొద్దున్నుంచీ మబ్బు పట్టింది. రెండు ఊళ్ళూ లాకు అరుగు మీదే ఉన్నాయి. ఓవర్సీరు జేబు గడియారం తీయబోయి, "దీన్ని కూడా ఆచారే బాగుచేశాడు, వద్దులే" అని మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. నీడ లేదు. గుంజ ఉత్త గుంజలా నిలబడింది. గదిలో ముల్లు పన్నెండుకు చేరువవుతోంది. కోటిలింగం గీత మీద నుంచి కళ్ళు తిప్పలేదు. నూకరాజు ఆకాశం వైపు తిరిగి మబ్బులను చేత్తో తోస్తున్నట్టు ఊపాడు. ఎవరూ నవ్వలేదు.

తూర్పుగాలి ఒక్క విసురు విసిరింది. మబ్బు చీలింది. ఎండ ఫెళ్ళున అరుగు మీద పడింది. గుంజ నీడ సరిగ్గా గీత మీద ఉంది.

"గడియారం ఎంత?" అని ఓవర్సీరు కేకవేశాడు.

మునసబు గదిలోంచి బయటికి వచ్చాడు. రెండు చేతులూ పైకెత్తాడు. "పన్నెండు! సరిగ్గా పన్నెండండీ!"

లాకు దద్దరిల్లింది. ఎగువ ఊరూ దిగువ ఊరూ అని లేకుండా జనం ఒకరినొకరు వాటేసుకున్నారు. ఎప్పటి నుంచి ఆగి ఉందో, రేవులో ఆవిరి పడవ కూడా కూత వేసింది. ఓవర్సీరు మునసబు దగ్గర తూముల తాళాలు తీసుకున్నాడు. కోటిలింగానికి ఇవ్వబోయాడు. రాఘవమ్మ అడ్డం వచ్చింది.

"నేనిస్తానండి. తీయించింది నేనే" అంది. తాళాలు రెండు చేతుల్లో పట్టుకుని కోటిలింగం ముందు నిలబడింది. "నోరు జారాను తమ్ముడూ. నలుగురిలో అన్నాను, నలుగురిలోనే చెబుతున్నా. నీ అంత నికార్సైన మనిషి ఈ కాలువ పొడుగునా లేడు."

కోటిలింగం తాళాలు అందుకుని మొలతాడుకు కట్టుకున్నాడు. కళ్ళు చెమర్చాయి. కానీ పని మరిచిపోలేదు. "పన్నెండు దాటుతోందమ్మా, మీ తూము తియ్యాలి" అంటూ పరిగెత్తాడు. తాడిమెట్ట బోదెలోకి నీళ్ళు గలగలమని దూకాయి.

మాణిక్యాచారి ఆ రోజు ఎవరికీ ఏ గొప్పా చెప్పుకోలేదు. ఇంటికి వెళ్ళి, అటక మీది ఉయ్యాల దింపి, పళ్ళెంలో నాలుగు చింతగింజలు పెట్టుకుని కూర్చున్నాడు. రోజుకు నాలుగు మేకులు. మనవరాలు పుట్టిన పదకొండో రోజున, చిలకల ఉయ్యాలలో అడుగు చెక్క మీద హాయిగా నిద్రపోయింది. అందుకే, మొదటి రోజు చూపించిన జోరు కాదు, చివరి రోజు దాకా తగ్గని నిలకడే ఏ పనినైనా గెలిపిస్తుంది.